నవంబరు నెల, మూడో కౌంటరు

ప్రతి నవంబరూ
పెనుమూరు బస్సు దిగి వస్తాడాయన
తాను బతికే ఉన్నానని చెప్పడానికి.

గ్రీమ్స్‌పేట బ్రాంచిలో మూడో కౌంటరు నాది.
వేలిముద్రల మిషను ముందుకు జరుపుతాను.
కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే.
ఆ బొటనవేలి మీద గీతలు లేవు,
అరిగి అరిగి నున్నబడిన సనికల్లు. ఎడమదీ అంతే.
మిషను ఎర్రగా మినుక్కుమంటుంది.
మళ్ళీ పెట్టమంటాను. మళ్ళీ ఎరుపు.
"మీరు ఉన్నట్టు రావడం లేదు తాతా" అని
నాలిక కరుచుకుంటాను.
ఆయన నవ్వుతాడు:
"దానికేం తెలుసు మే, నేనుండాను."

నాయక్ చెంగల్రాయులు, మద్రాస్ శాపర్స్.
ఫారంలో ఒక గడి, శౌర్య పతకాలు ఏమైనా ఉంటే.
ఎడంచేత్తో ఆయన రాసే మాట
అందులో పట్టక పక్క గడిలోకి పోతుంది:
వీర్ చక్ర.
తొలి రోజుల్లో దానికి భత్యం ఎంతో చెప్పాడొకసారి;
లైన్లో వెనకున్న మామిడి ఫ్యాక్టరీ మేస్త్రి
నవ్వాపుకోలేకపోయాడు.

ఏం చేస్తే ఇచ్చారు తాతా?
మొదటి ఏడు అడిగితే
"నేల తడివినా" అన్నాడు.
రెండో ఏడు ఇంకొంచెం:
డెబ్భై ఒకటి డిసెంబరు, ఏటి అవతల ఇసక,
ఇసక కింద మందుపాతరలు.
తెల్లారేలోగా ట్యాంకులకు దారి కావాల.
బోర్లా పడుకొని బాయినెట్టుతో
జానెడు జానెడు పొడిచి చూడడం.
"పిల్లోడి నెత్తిన పేలు చూసినట్టు మే, అంత మెల్లగా."
ఇరవై మూడు తీశాడు.
ఇరవై నాలుగోది మూడు వేళ్ళు అడిగింది.
ఇచ్చి, తువ్వాలు చుట్టి,
ఎడంచేత్తో ఇంకో పదకొండు.

మూడో ఏడు, నేనడక్కుండానే,
గుడియాత్తం జీవరత్నం. పక్కనే పాకుతా ఉన్నోడు
తెల్లపట్టీ దాటి ఒక్క జానెడు జరిగినాడు.
"కాలు తిమ్మిరెక్కిందిరా అన్నాడు మే. అంతే."
తర్వాత మాట లేదు.
పెన్షనర్ల బెంచీ మీద
ఫ్యాను గాలికి ఫారాలు కొట్టుకుంటూ ఉన్నాయి.

పతకం సంగతి చెప్పింది మటుకు
ఒక ఏడు తోడుగా వచ్చిన వాళ్ళావిడ.
ఆమె పేరు దేశమ్మ.
ఢిల్లీ నుంచి తెచ్చిన వారం
ఊళ్ళో పందెం, వెండి ఎంతుంటుందని.
బెల్లం మండీలో తూచారంట,
రెండు తులాల మీద రవ్వంత.
మండీ సాహుకారి కళ్ళకద్దుకొని
"దీనికి నా కాడ రేటు లేదు నాయనా" అన్నాడంట.
"ఈయప్ప దాన్ని చూసుకుంటే గదా!
మళ్ళ గట్టు మింద నడిచేదానికి
ఇప్పుటికీ ముందు కట్టె పొడుస్తాడు.
పెండ్లైన కొత్తల్లో పడక గూడా
చేత్తో తడిమి చూసి పండుకునేటోడు."
చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
దేశం కోసం పోరాడినాడని
ఆగస్టు పదిహేనుకి మైకులో అంటారు కదా,
వెనక వరసలో ఎవరో ఒకరు ఈమె కేసి చూసి
కిసుక్కుమంటారంట.

ఈ ఏడు ఒక్కడే వచ్చాడు.
నామినీ గడి చూపించి
"ఆ పేరు కొట్టెయ్ మే" అన్నాడు.
కొట్టేశాను.
స్కేలు పెట్టి గీశాను, ఎందుకో.

మిషను ఎరుపు.
కనుపాపల మిషను తెచ్చాను. శుక్లాలు. ఎరుపు.
చివరికి పాత కాగితమే దిక్కు:
ఈ వ్యక్తిని ఈ రోజు నేను కళ్ళారా చూశాను,
కింద మేనేజరు సంతకం.

బయట వాన వెలిసింది.
మురుగు పైపులకని రోడ్డంతా తవ్వేశారు,
బురదనీళ్ళలో గుంత ఏదో నేల ఏదో.
ఇవతలి గట్టున ఇస్కూలు పిల్లలు
చెప్పులు చేత పట్టుకొని.
ఆయన గొడుగు మూసి, దాని మొనతో
జానెడు జానెడు పొడుచుకుంటూ దిగాడు.
వెనక్కి తిరక్కుండా చేయి ఊపాడు,
ఆ రెండు వేళ్ళ చేయి.
"నా అడుగులో అడుగెయ్యండి.
పక్కకి జానెడు గూడా జరగబాకండి."

దాటారు. మళ్ళీ వెనక్కొచ్చాడు, ఇంకో వరస.
పెనుమూరు బస్సు హారను కొట్టి కొట్టి పోయింది,
ఆయన తల ఎత్తలేదు.
ఐదున్నరకి కౌంటరు మూసి
నేనూ ఆ గట్టున నిలబడ్డాను,
చెప్పులు విప్పి.

"కాలు తిమ్మిరెక్కలేదు గదా?"
అడిగాడు, నన్నే.
లేదన్నాను.
అడుగేశాను.