ఒంటి జోడు

నా పని జల్లెడ పట్టడం.
రంగు, సైజు, మడమ ఎత్తు, ధర, తోలా బట్టా,
తెర అంచున చిన్న చిన్న గడులు.
ఒక్కో గడి నొక్కుతుంటే
నాలుగు వేల జతలు నాలుగు వందలై, నలభై అయి,
చివరికి మీ కాళ్ల ముందు మూడే మిగలాలి,
రెప్పపాటులో.
రెండు రెప్పలైతే ఎవురీకు ఒప్పుకోడు.

పోర్టో రేవులో, ఒకప్పుడు ఉప్పుచేప నిలవచేసిన గోదాం
మూడో అంతస్తులో మా ఆఫీసు.
వాన పడితే గోడలకి ఇప్పటికీ అదే జ్ఞాపకం.
గుర్తుపెట్టుకోవడానికి అవి ఎవరి అనుమతీ అడగవు.

"మీ కోసం" అనే వరస కూడా నేను కట్టిందే.
నిరుడు ఒక్కసారి ఎర్ర చెప్పుల మీద ఆగారా,
ఏడాది పొడుగునా ఎర్రవే మోసుకొస్తుంది.
మా మేనత్త ఒడీలియా ఇంతే.
చిన్నప్పుడెప్పుడో బాగుందన్నానని
ఇప్పటికీ నాకు క్యాబేజీ సూపే.

కొత్త గడి పెట్టాలంటే ముందు
ఏమీ దొరక్క వెళ్లిపోయినవాళ్ల చిట్టా చదవాలి.
అందులో, పెన్షన్ పడే రోజున, నెలనెలా
పదకొండు నెలలుగా ఒకటే మాట:
"కుడిది మాత్రమే. 40."
వేలు జారిందనుకున్నాను.
పదకొండుసార్లు జారుతుందా?

రాస్తే జవాబొచ్చింది. అన్సెల్ము, విజేవు.
"ఎడమ కాలు అంగోలాలో ఉండిపోయింది,
నాకప్పుడు ఇరవై రెండు.
ఇప్పటికి యాభై ఒక్క జతలు కొన్నాను.
మంచం కింద యాభై ఒక్క ఎడమలు,
అన్నీ కొత్తవే, అడుగున మట్టి అంటనివి.
సగం ధర అనే గడి ఉందా మీ దగ్గర?"

ఎవురీకు ఒంటికాలి మీద లేచాడు.
అనకూడని మాటే, కానీ అలాగే లేచాడు.
"జత విడదీస్తే రెండోది ఎవరికమ్ముతావు?
మూల నిలబెట్టి కొవ్వొత్తి వెలిగిస్తావా?"

ఆ రాత్రి "మీ కోసం" తెరిచి
ఇతనిలాంటివాళ్లు అని ఉన్నచోట
ఒక్క ఆశ్చర్యార్థకం పెట్టాను.
మా రాతలో దానికి అర్థం ఆశ్చర్యం కాదు,
"కాదు" అని.
ఇతనిలాంటివాళ్లు కాదు. ఇతను వద్దన్నది కావాలన్నవాళ్లు.

దొరికింది ఒక్కరే.
గ్రాసియెట్, పెనాఫియెల్, రాతి క్వారీలో లెక్కలు రాసేది,
లారీ వెనక్కి వచ్చేదాకా.
"ఎడమది, 40, లేసులుండాలి, ఊదారంగయితే మంచిది."

ఆయనకి నలుపే కావాలి.
ఈ వయసులో వారానికో అంత్యక్రియలట.
ఇద్దరి గడులూ కలిపి నొక్కితే సున్నా.
మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి నా మీదుగా.
"శవాల దగ్గర పాదాలెవరు చూస్తారండీ" అని ఆవిడ.
"శవాల దగ్గర అందరూ చూసేది పాదాలనే" అని ఆయన.
చివరికి ముదురు గోధుమరంగు దగ్గర
ఇద్దరూ గొణుక్కుంటూ దిగారు.

ఒక జత. రెండు పార్సిళ్లు.
ప్యాకింగు కుర్రాడు ఫోన్ చేశాడు:
"పెట్టెలో సగం ఖాళీ, ఏం కూరమంటారు?"
పాత పేపర్లన్నాను.
రెండో పార్సిలు ఖర్చు ఎవురీకు ఎర్ర అంకెల్లో రాసుకున్నాడు,
కానీ గడి తీసెయ్యమనలేదు.
నేను గుర్తుచెయ్యలేదు.

నిన్న ఆ గడిలోకి కొత్త మాట వచ్చింది.
"ఎడమది మాత్రమే. పిల్లల సైజు, 29.
మెరిసే లైట్లున్నది."

వెతికితే సున్నా.
జతకి కుడి దొరకాలని
నోటిదాకా వచ్చి ఆగింది.
అంటే ఎక్కడో ఇంకో పిల్లకి, ఇంకో పిల్లాడికి...
ఊహూ. సున్నాయే ఉండనీ.

ఆ ఖాళీ పేజీలో ఏం రాయాలని
డిజైన్ చూసే జుల్మీరా అడుగుతోంది,
"క్షమించండి, ఏమీ దొరకలేదు" మరీ పాతబడిందట.
బయట వాన. గోడలు ఉప్పువాసన వేస్తున్నాయి.
పూర్తి జత కొని, ఒకటి నా సొరుగులో పెట్టుకున్నాను.
చీకట్లో సొరుగు లాగినప్పుడల్లా
అది ఒక్కతే మెరుస్తుంది.