మీటరు కడ్డీ

మా ఇంట్ల గోడకు రెండు మేకుల మీద
ఒక ఇనుప కడ్డీ ఉంటది.
కొలిస్తే సరిగ్గ మీటరు.
చిన్న లైను కాలంల
పట్టాకూ పట్టాకూ నడుమ ఎంత ఎడముండాల్నో
చెప్పిన కడ్డీ.
ఇప్పుడు దాని మీద తువాల్లు ఆరేస్తం.

తాత కుర్మయ్య చేతికి కడ్డీ రాలె,
తట్ట వచ్చింది.
నిజాం సర్కారు లైను దేవరకద్ర దాటుతున్నప్పుడు
నెత్తిన మొరం పెట్టుకొని
కట్ట ఎక్కుడు, దిగుడు, మల్ల ఎక్కుడు.
తట్టకొక గవ్వ ఇచ్చేటోళ్లట.
మాపటికి గవ్వలు లెక్కవెట్టి జొన్నలు కొలిచేది.
ఒక్క గవ్వ మాత్రం తాత వాపసు ఇయ్యలె,
మొలతాడుకు కట్టుకున్నడు.
"ఆ తట్ట నేను అమ్మలేదు బిడ్డా" అంటుండె.
అంటే ఈ కట్టల ఏ మూలనో
తట్టెడు మన్ను
ఇంకా మాదే.

నాయిన ఆశన్న కీమ్యాను.
తెల్లారకముందే భుజాన సుత్తె, చేతుల కడ్డీ,
రోజూ ఆరు మైళ్లు.
చాబీ బిగువుంటే ఖణ్ మంటది,
వదులైతే దగ్గినట్టు మోగుతది.
మనుషులను గూడ గట్లనే విని చూసేటోడు.
"దస్తగిరి మాస్టరు నవ్వుల ఏదో వదులైంది" అన్నడొకనాడు.
నెల తిరగకముందే మాస్టరుకు బదిలీ.

గుండ్లవాగు హాల్టుల బండి రెండు నిమిషాలు ఆగాలె.
జుబేదా చాచి సీతాఫలాల గంపలు ఎక్కేదాక
గార్డు పచ్చజెండా ఇప్పకపోతుండె.
పండు తిన్నోళ్లు కిటికీల కెల్లి గింజలు ఉమ్మిండ్రు,
ఎనభై ఏండ్లు ఉమ్మిండ్రు.
ఎండకాలం అదే పెట్టెల
పారలు, గిన్నెలు, పసిపిల్లలు,
ఎవరిదో ఊరికి చెరువు తవ్వబోయే మావోళ్లు.
పొయ్యిరాళ్లు గూడ మూటగట్టిన ముసలిదాన్ని
టికెట్ బాబు రాళ్లకు టికెట్ అడిగితే
"అవి నాతోని వస్తలేవు సారూ,
నేనే వాటితోని పోతున్న" అన్నదట.

మీటరు కడ్డీ నా నెత్తికి తగిలిననాడు
"లైను సరిపోయింది" అని నాయిన నన్ను బడికి తోలిండు.

తర్వాత కాయితం వచ్చింది. పెద్ద లైను.
పాత పట్టాలు పీకిండ్రు,
కొన్ని నెలలు బండి లేదు.
పది నలభైకి మా కుక్క ఒక్కతే
ప్లాట్‌ఫారం దాక పోయి
కూసొని వచ్చేది.
ఇన్‌స్పెక్టరు కొత్త కడ్డీ తెచ్చి నాయిన చేతుల పెట్టిండు.
మీటరు మీద ఇంకో అరవై ఏడు సెంటీమీటర్లు.
పాతది దాని పక్కన పెట్టి చూసి
"పిల్ల పెరిగింది" అన్నడు, గంతే.
కానీ చెక్క స్లీపర్ల ఎడానికి పడ్డ అడుగు
కాంక్రీటు మీద తడబడేది.
దిగిపోయే ఏడు రెండుసార్లు పడ్డడు,
రెండుసార్లూ చాబీ బాగలేదన్నడు.

టైంటేబుల్ల మా హాల్టు లేదు.
రెండు స్టేషన్ల పేర్ల నడుమ
వేలు పెడితే తెల్లకాయితం.

ఇప్పుడు ఆ బీటు నాది.
నారింజ కోటు, సుత్తె,
నేనెక్కడున్ననో ఆఫీసుకు చెప్పే ఒక డబ్బా.
మణెమ్మ ఆగితే వాళ్లకు తెలుస్తది,
ఎందుకాగిందో తెల్వది.
నెత్తిమీద కరెంటు తీగెలు, పక్కన రెండో లైను.
బండి రావడం, పోవడం పదకొండు సెకన్లు.
మలుపు కాడ చిన్న లైను పక్కకు జరిగిన చోట
పట్టా లేదు, కంకర లేదు,
కొండ దాక సీతాఫలం చెట్లు మాత్రం వంకరగ
ఒక్క వరుసల పోతయి.
ఎవరూ నాటలె. ప్యాసింజర్లు నాటిండ్రు.

పోయిన వానకు కట్ట ఒకచోట కోసుకపోయింది.
రాత్రంత లైట్ల కింద మొరం పోసినం.
మిషన్లు వచ్చేదాక తట్టలే.
నడుమ ఒకసారి తట్ట దించి నిలవడ్డ.
కిందున్నది తాత మన్నో, కాంట్రాక్టరు మన్నో
తడిస్తే అన్నీ ఒక్క తీరే ఎర్రగున్నయి.
ఎవరూ గవ్వ ఇయ్యలె. నేనూ అడగలె.
అన్ని తట్టలూ రైల్వే లెక్కల రాసుకున్నరు.
ఒక్కటి నేను చెప్పలె.