కడిగిన నీళ్లు

నెల్లూరు సంతపేటలో మా నాయన దుకాణం.
పొట్టేలు కడుపు కోయగానే ముందు
ఒక తెర తీసి కొక్కేనికి తగిలించేవాడు,
తడితడిగా, అల్లిక పనిలా,
వెనక బల్బు వెలుగు దాటి వచ్చేంత పలచగా.
"ఏంది నాయనా అది?"
"పేగులకి దుప్పటి."
పన్నెండేళ్ల తర్వాత పుస్తకంలో దాని పేరు చదివాను.
దుప్పటే బాగుంది.

ఇప్పుడు నేనుండేది ఫార్మసీ కాలేజీ మూడో అంతస్తు,
ఏసీ ఉన్న ఒకే ఒక్క గది.
ఆ చల్లదనం నాకు కాదు, తెల్ల చిట్టెలుకలకి.
కరెంటు పోతే జనరేటరు ముందు వాటి కోసమే మోగుతుంది.

పోలయ్య తోక పట్టి అందిస్తాడు.
తల కిందికి వంచి, పొట్ట కుడివైపు, తొడ మొదట్లో సూది.
రొట్టెని పొంగించే ఈస్టు పొట్టు, ఉప్పునీళ్లలో కలిపింది.
బతికున్న క్రిమి కాదు,
క్రిమి విడిచిన చొక్కా, అంతే.
ఆ చొక్కాని చూసి కడుపు ఎంత గగ్గోలు పెడుతుందో
అదే నా పరిశోధన.

"మా తాత వరిచేలల్లో పట్టే ఎలకయితే
ఈపాటికి నీ వేలు కొరికుండేదమ్మా," అంటాడు పోలయ్య.
"ఇయ్యి నమ్ముతాయి."
రికార్డు పుస్తకంలో ఆ మాటకి గడి లేదు.

ప్రాణం పోయాక, పొర చిరగకుండా
అయిదు మిల్లీలీటర్ల చల్లటి ఉప్పునీళ్లు నింపి
రెండు వేళ్లతో మెల్లగా పిసికి
మళ్లీ లాగుతాను.
ఆ కడిగిన నీళ్లలో ఉంటారు కాపలావాళ్లు.

సూది పడని ఎలుకలో
గాజుపలక గళ్ల నిండా పెద్ద కణాలు,
మధ్యాహ్నం అరుగుల మీద కూర్చున్నట్టు, తొందర లేకుండా.
మూడో గంట ఎలుకలో
సున్నా. ఒకటి. సున్నా. సున్నా.

"సరిగ్గా కడిగావా?" అంది మేడం.
మళ్లీ కడిగాను. ఇంకో ఎలుక ఖర్చయింది.
సున్నా.

ఆ రాత్రి గుర్తొచ్చింది పెన్నకి వరదొచ్చిన ఏడు.
సోమశిల గేట్లెత్తారని మైకు తిరిగింది.
ఎనిమిదేళ్లదాన్ని, తలుపు తీసి చూస్తే
వీధిలో ఒక్క మనిషి లేడు.
టీకొట్టు తెరిచే ఉంది, పొయ్యి మీద పాలు
పొంగి పొంగి మాడిపోతున్నాయి.
మమ్మల్ని వదిలేసి పారిపోయారని ఏడ్చాను.

పారిపోలేదు. కట్టకి గండి పడింది.
అందరూ అక్కడ, ఇసుక బస్తాల్లో బస్తాలై,
ఒకరి నడుం ఒకరు పట్టుకుని.
మొలలోతు నీళ్లలో మా నాయన.
ఆ పూట ఎవరైనా మా వీధికొచ్చి తలలు లెక్కపెడితే
సున్నా అని రాసుకుని వెళ్లుండేవాడు.

పొద్దున్నే పోయి, ఈసారి నీళ్లు కాదు,
పొరనే తీసి రంగేసి చూశాను.
ఉన్నారు.
గుంపులు గుంపులుగా, పొరని కరుచుకుని,
కడిగినా రానంత గట్టిగా.
"ఇది ఎప్పుడో తెలిసిందేనమ్మా,"
పాత పేపరొకటి చేతిలో పెట్టింది మేడం.
కావచ్చు. నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాతి గంటల్లో రక్తం దారిన కొత్తవాళ్లు దిగారు,
లారీల్లో వచ్చిన పొరుగూరి కుర్రాళ్లలా.
ఊరు తెలీదు, చేతికందింది విరగ్గొడతారు,
తెల్లారేసరికి సగం మంది అక్కడే పడుంటారు.

ఒక గుంపుకి వట్టి ఉప్పునీళ్లే ఇచ్చాం.
వాటికి ఏమీ కాలేదు.
ఏమీ కాలేదని చూపించడానికి
వాటినీ కోశాను.
పన్నెండో నంబరుది అంతకుముందు నా తొడుగు వేలి మీద కూర్చుని
తీరిగ్గా మీసాలు తుడుచుకుంది.

సాయంత్రం దుకాణానికి పోతే
సాటి కసాయిని పలకరించినట్టు అడిగాడు నాయన,
"ఇయ్యాళ ఎన్ని?"
"ఆరు."
"తూకం?"
"ఒక్కోటీ పాతిక గ్రాములు."
నవ్వుతాడనుకున్నా.
కత్తి మొద్దు మీద ఆనించి అడిగాడు,
"దేవుడి పేరు చెప్పి కోస్తావా?"

"నంబరు చెప్పి," అన్నాను.