అడుగు ముప్పై ఏడు పౌండ్లు

ఇరవై పెన్నీల బిళ్లను టైరు గాడిలో నిలబెట్టి
"అంచు కనబడుతోందా, బాజీ?" అన్నాడు నజాకత్.
కనబడింది, పన్ను ఊడిన చోట చిగురులా.
"ఐతే అయిపోయింది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

గోడ మీద రెండు ధరలు.
అగ్గువది నలభై ఒకటి. పిరంది డెబ్బై ఎనిమిది.
రెండూ నల్లనివే, రెండూ గుండ్రంగానే ఉన్నాయి.
వేళ్ల కణుపుల మీద లెక్కేసే అలవాటు నాది:
ఒక్కోదానికి ముప్పై ఏడు మిగులు, నాలుగింటికి నూట నలభై ఎనిమిది.
బొటనవేలు ఆగకముందే నోరు అనేసింది,
"అగ్గువవే వెయ్యి."

నజాకత్ వాదించలేదు.
మసి గీతల అరచేయి చాపి చూపించాడంతే.
"టైరు రోడ్డును తాకేది ఇంత మేరే.
కారంతా నాలుగు అరచేతుల మీద పోతుంది."
నేను ఫోనులో టైమ్ చూసుకున్నాను.

హాలిఫాక్స్‌లో రోడ్లు పరచలేదు, ఆరేశారు
కొండ మీంచి కిందికి; ఎన్నటికీ ఆరవు.
నా పని వాటి మీదే.
ఆరున్నరకు ఒక ముసలాయనకు జావ,
ఏడుంబావుకు ఒకామెకు స్నానం,
ఎనిమిదికి ఇంకొకరికి మాత్రలు.
మైలుకు ఇరవై ఎనిమిది పెన్నీలిస్తుంది ఏజెన్సీ.
అందులోనే పెట్రోలు, అందులోనే ఇన్సూరెన్సు,
అందులోనే టైరు.

పదకొండు నెలలు ఏమీ కాలేదు.
ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది.
వాన పడింది, మంచు పడింది,
ఆకులు కుళ్లి దారంతా పాకుడు పట్టింది, ఏమీ కాలేదు.
మిగిలినదాంతో గ్యాస్ బిల్లు కట్టాను, వానకోటు కొన్నాను,
పిండి కొద్దీ రొట్టె అన్నవాళ్లను
మనసులోనే వెక్కిరించాను.

పన్నెండో నెల. చెత్త బండి వచ్చే రోజు.
ఎవరింటి ముందు నుంచో గాలికి బయల్దేరి
ఒక చక్రాల డబ్బా నాకు అడ్డంగా వచ్చింది.
బ్రేకు తొక్కాను.
కాలు ఆగింది. కారు ఆలోచించింది.
ఆగేసరికి డబ్బా నోరు తెరుచుకుని పడి ఉంది,
పాల సీసాలు కొండ కిందికి దొర్లుతూ.

ఎందుకో దిగి కొలిచాను.
ఆగాల్సిన చోటి నుంచి ఆగిన చోటికి
నాలుగు అడుగులు.
బొటనవేలు మళ్లీ కణుపుల మీదికి పోయింది.
అడుగు ముప్పై ఏడు పౌండ్లు.
అది డబ్బా కాబట్టి
ఈ లెక్క వెయ్యగలుగుతున్నాను.
పిరంవైతే ఆగేవా? ప్రమాణం చెయ్యలేను.

తరువాతి ఇల్లు డోరీన్‌ది. తొంభై ఒక్కేళ్లు.
రోజూ చూసినట్టే ఆమె స్లిప్పర్లు తిరగేసి చూశాను.
ఫారంలో నా చేత్తో నేనే రాశాను:
చెప్పుల అడుగు అరిగింది. జారే ప్రమాదం. వెంటనే మార్చాలి.
పెన్ను మూత పెడుతుంటే
కిటికీ అవతల నా కారు కనిపించింది, వానలో.
"కొత్తవి ఎంత?" అంది డోరీన్.
"ఇరవై రెండు."
"అంతా! ఇవి ఇంకో చలికాలం వస్తాయిలే."
ఏ మొహంతో వాదించను?

శనివారం నజాకత్ దగ్గరికి.
రెండింటికే డబ్బుంది, పిరంవాటికి.
"ముందుకు వెయ్యి," అన్నాను.
"కొత్తవి వెనక్కే, బాజీ. వెనక పట్టు తప్పితే
బండి నీ మాట వినదు."
ముందు నా పిసినారితనం, వెనక నా భయం,
నడుమ స్టీరింగు పట్టుకుని నేను.

ఇవాళ మళ్లీ వాన.
కొండ దిగుతూ, ఎవరూ లేని చోట
ఊరికే బ్రేకు తొక్కి చూశాను.
ఆగింది.
ఏమీ జరగలేదు, అప్పటిలాగే.
ఏం కొన్నావో చూపించమంటే
ఈ ఖాళీ రోడ్డు తప్ప ఏముంది నా దగ్గర?

డాష్‌బోర్డు మీది ఇరవై పెన్నీల బిళ్ల మాత్రం
అద్దం దాకా జారి
ఠక్కుమంది.