చెవిటి పెట్టె

ఎఫీ లారిమర్ మణికట్టుకు పట్టీ బిగించి
ఆ తెల్లని కడ్డీ చేతిలో పెట్టాను.
"ఏం నొక్కాలి?" అని అడుగుతుందనుకున్నా.
అడగలేదు. లేచి నిలబడింది.

ఎనభై ఒకటో ఏట, డండీ ఊళ్లో,
జనవరి మధ్యాహ్నం మూడున్నరకే
టే నది మీద చీకటి పడుతుంటే,
వృద్ధాశ్రమం హాల్లో, టీవీ ముందు
బౌలింగ్ బంతి విసరడానికి నిలబడింది ఎఫీ.

పన్నెండేళ్లుగా నేను బొటనవేళ్ల కోసం ఆటలు రాశాను.
మనిషంటే నాకు రెండు బొటనవేళ్లు,
వాటి వెనకెక్కడో తలుపు వేసుకున్న గదిలో ఒక కుర్రాడు.
మనవడు స్ట్రూవన్ ఒకసారి పద్నాలుగు మీటల యంత్రమిస్తే
వేడి పెనం ముట్టుకున్నట్టు వెనక్కిచ్చేసిందట ఈవిడ.
ఇవాళ ఈవిడ వెనకాల మరో ఆరుగురు
వంతు కోసం పోట్లాడుకుంటున్నారు.
నర్సు వచ్చి "మందుల వేళ" అంటే
ఒక్కరూ తల తిప్పలేదు.

ఎఫీ చెయ్యి ఊపింది.
వెనక్కీ ముందుకీ కాదు, పక్కకి,
ఒక్క కుదుపు.
బంతి కదల్లేదు.
మళ్లీ అదే కుదుపు.
"మరోసారి ప్రయత్నించండి" అంది తెర,
నేను రాసిచ్చిన మర్యాదతోనే.

"ఇది చెవిటిది" అంది ఎఫీ.

ముప్పై నాలుగేళ్లు జనపనార మిల్లులో
మగ్గం పిడిని పక్కకు లాగిన చెయ్యి అది.
ఆ హోరులో మాట వినపడదు కాబట్టి
ఆడవాళ్లంతా చేతులతోనే మాట్లాడుకునేవారట:
మేస్త్రీ వస్తున్నాడని, ఫలానా పిల్ల నెల తప్పిందని,
సాయంత్రం పేకాట ఎవరింట్లోనని.
"షెడ్డు ఆ చివర్నుంచి ఈ చివరికి చదివేవాళ్లం మేం.
నీ పెట్టె ఆరడుగుల దూరంలో ఉండి చదవలేదా?"

రాత్రి స్టూడియోలో ఆమె చెయ్యి
మూడు గీతలై నా తెర మీద పడుకుంది.
ఎరుపు, పచ్చ, నీలం.
గీతల నిండా సన్నటి వణుకు.
వణుకును చెత్తగా తుడిచేసే వడపోత
నేనే రాశాను, గర్వంగా.
తుడిస్తే ఎఫీ కుదుపూ దాంతోపాటే పోతోంది.
వణుకెక్కడ ఆగి ఉద్దేశం ఎక్కడ మొదలవుతుందో
నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

సరే, పట్టు సడలిద్దామంటే
నా తమ్ముడు ఆల్పిన్ ఉన్నాడు.
సోఫాలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చిప్స్ పెట్టుకుని,
మణికట్టు ఒక్క అంగుళం ఆడించి
పదికి పది పడగొడతాడు.
వాడి కోసం బిగిస్తే ఎఫీ మొహాన తలుపేసినట్టు.
ఎఫీ కోసం వదిలితే
వాడికది ఆట కాదు, ఈగలు తోలుకోవడం.

"సగటు చెయ్యి చూసుకో, చాలు" అన్నాడు మా కీర్.
వెతికాను.
పక్షవాతం వదిలేసిన పెట్రీ గారి ఎడమ చెయ్యి దొరికింది,
ఉంగరం వేలిలోనే బిగుసుకుపోయిన నెట్టా చెయ్యి దొరికింది,
కాఫీ ఎక్కువై అదురుతున్న నా చెయ్యి దొరికింది.
సగటు చెయ్యి మాత్రం ఎవరి భుజానికీ లేదు.

మార్చిలో మళ్లీ వెళ్లాను.
ఇప్పుడు నా పెట్టె ముందుగా నోరెత్తదు.
మొదటి మూడు విసుర్లు ఊరికే చూస్తుంది,
కొత్త వంటమనిషి ఉప్పు వేసే తీరు గమనించినట్టు.

ఎఫీ పక్కకి కుదిపింది.
బంతి కదిలింది.
దొర్లి, దొర్లి, వంకరపోయి
కాలవలో పడింది.
ఒక్క పిన్నూ చలించలేదు.

నేను క్షమాపణ చెప్పబోయాను.
ఆమె నవ్వుతోంది, కట్టుడు పళ్లన్నీ కనిపించేలా.
"ఇవాళ తప్పింది నేను," అంది.
"ఆవేళ తప్పింది నీ పెట్టె."

తర్వాత గదికి అవతల కూర్చున్న నెట్టాకి
నన్ను చూపిస్తూ రెండు వేళ్లతో ఏదో సైగ చేసింది.
టీ పొలమారేదాకా నవ్వింది నెట్టా.
ఏమన్నారని అడిగితే ఇద్దరూ చెప్పలేదు.
ఆ సైగను నోట్‌బుక్కులో మూడుసార్లు గీసుకున్నాను.
ఇంకా కొరుకుడు పడలేదు.