బ్రేకేజీ రిజిస్టరు

ఎచ్చెర్ల కాలేజీలో ఇవాళ సంతాప సభ.
బైపల్లి తవిటయ్య, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పాత విద్యార్థి.
బ్యానరు మీద పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.
ఎవరూ చూడలేదు, నేను చూశాను.
ముప్పై ఏళ్లు సీసాలకి చీటీలు అతికించినవాణ్ణి,
తప్పు పేరు కంట్లో నలుసులా తగుల్తుంది.

మెరిట్ అంటున్నారు, మంచితనం అంటున్నారు.
ఒకాయన "మావాడు" అని మూడుసార్లన్నాడు,
ఏ ఊరో మాత్రం పక్కవాణ్ణి అడిగి చెప్పాడు.
నేను వెనక వరసలో, ఫ్యాను తిరగని చోట.

మొదటి రోజు హాజరులో ఆ పేరు విని
క్లాసంతా నవ్వింది.
నవ్వు అయ్యేదాకా ఆగి అతనే చెప్పాడు:
"నా ముందు ముగ్గురు పోయారండి.
పుట్టగానే నన్ను పక్కింటి ముసిల్దానికి ఇచ్చీసి
చాటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది మాయమ్మ.
నా ధర నాకు తెలుసు. మీ ధరెంతో మీకు తెలుసా?"
ఆ తర్వాత ఎవరూ నవ్వినట్టు గుర్తులేదు.
నవ్వే ఉంటారు లెండి, కుర్రాళ్లు కదా.

సోమవారం పొద్దున్నే బస్సు దిగేవాడు.
అందరూ ఇంటి నుంచి ఊరగాయ తెస్తే
అతను బావుల్ని తెచ్చేవాడు.
పెదబావి. గున్నమ్మగారి బోరు. జీడితోట నుయ్యి.
బడి కుళాయి, వాన పడ్డాక.
ల్యాబు మూసే వేళ బ్యూరెట్ ముందు నిలబడితే
ఆకలుండదు, బస్సు టైముండదు.
చుక్క.
చుక్క.
ఎరుపు నీలంలోకి తిరిగే ఆ ఒక్క చుక్క కోసం
ఊపిరి బిగబట్టేవాడు.
తలుపు దగ్గర తాళాల గుత్తితో నేనూ బిగబట్టేవాణ్ణి,
ఎందుకో తెలీకుండానే.

"ఏటి బాబూ, ఆ నీళ్లల్లో ఏటుంది?"
"ఏటుందో తెలిస్తే నానెందుకొస్తాను, పోలయ్యగారూ?"

ఇక ఇది సభలో చెప్పే మాట కాదు.
ఒక మార్చి సాయంత్రం కడుగుతుంటే
కొత్త బ్యూరెట్ జారింది, నా చేతిలోంచే.
జీతంలో కోస్తారని భయం.
ఇంట్లో చిన్నదానికి జ్వరం అని సర్దిచెప్పుకున్నాను.
జ్వరం అంతకు ముందు వారమే తగ్గింది.
ఆ రోజు ఆఖర్న వెళ్లింది తవిటయ్యే.
రిజిస్టరు తీసి అతని పేరు రాశాను.
నలభై రెండు రూపాయలు.

మర్నాడు చూసుకున్నాడు.
గీత మీద వేలు పెట్టి, తలెత్తి,
నా బొటనవేలికి కట్టిన గుడ్డకేసి చూశాడు.
ఏమీ అనలేదు.
ఐదూ, రెండూ, అర్ధరూపాయి బిళ్లలూ,
మే నెల దాకా తీర్చాడు.
అన్నాళ్లూ క్యాంటీన్ వైపు రాలేదని
టీ పోసే కుర్రాడు చెప్పాడు.
నేనడగలేదు. చెప్పాడు.

తర్వాత మందస దగ్గర బళ్లో సైన్సు మాస్టరయ్యాడు.
వేసవి సెలవులకి మళ్లీ అవే సీసాలు.
చీటీల మీద బావి పేరు పక్కన
మనుషుల పేర్లు, పేర్ల పక్కన తేదీలు.
నేను తాళం తీసేవాణ్ణి. ఎవర్నీ అడక్కుండా, ఏదీ రాయకుండా.
అది వడ్డీ. అసలు అలాగే ఉంది.

చివరి వేసవి, పాదాలు ఉబ్బి
చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు.
"నీళ్లు కొలిచి తాగమన్నారండి," అని నవ్వాడు,
"కొలవడం మనకేం కొత్తా?"
పలాసలో మిషను పక్కన పడుక్కుని కూడా
గొట్టంలో చుక్కలు లెక్కపెట్టేవాడట.

సభ అయ్యింది. మిక్చరు పొట్లాలు పంచారు.
కూతురట, హైమావతి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది.
అదే నిలబడే తీరు, ఎడమ భుజం కొంచెం కిందకి.
ఏ సంచీ మొయ్యకుండానే ఎలా వచ్చిందో.
"నాన్న చెప్పేవారండి,
ల్యాబులో పోలయ్యగారు చాలా మంచివారని."

"బ్యూరెట్ మా జాగ్రత్తగా పట్టేవాడమ్మా," అన్నాను.
"ఒక్కటీ పగలగొట్టలేదు."

ఆ పిల్ల తలూపింది, మామూలు మాట విన్నట్టే.
తన పొట్లం కూడా నా చేతిలో పెట్టి
బస్సు టైమైందని వెళ్లిపోయింది.