గైర్హాజరు

గూడూరు ఎండలో నాకు ఓవర్‌కోటు తొడిగింది పెంచలయ్య.
రోహిణి కార్తె. కాకులు పంపు కింద నోరు తెరుచుకుని కూచునే వేళ.
కాలరు పైకెత్తి నిలబడమన్నాడు, నిలబడ్డాను.
నా నోట్లో సిగరెట్టు పెట్టి
తను పొగాకు కాడ నమిలేవాడు.
నాకేమో హిల్మన్ కారు. తనకు
సైదాపురం రోడ్డులో మైలుకోసారి చెయిను ఊడే సైకిలు.

పగలు అభ్రకం కంపెనీలో గుమాస్తా,
రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర నాకు దేవుడు.
తొంభై ఆరు పేజీలు, నాలుగు శవాలు, ఒక రహస్య ద్వారం.
(గూడూరులో ఏ ఇంటికుందో నేనడగలేదు.)
ఆఖర్న నేను తుపాకి దించి
"ముద్దాయి మీ మధ్యనే ఉన్నాడు" అనాలి.
తెల్లారి కాగితాలు మూటగట్టి మద్రాసు పాసింజరెక్కించేవాడు.
పుస్తకానికి నలభై రూపాయలు,
మూడు ఉత్తరాలు రాస్తేగాని రావు.

ఇరవై రెండు కేసులు తేల్చాను.
నా ప్రతి మాటా గరుకు గోడ మీద గీసిన అగ్గిపుల్ల.
వాడి మాట వేరు:
"మనకెందుకొచ్చిన గొడవబ్బా."

ఇరవై మూడోది మొదటి వాక్యం దగ్గరే ఆగింది.
మూడు రాత్రులు.
కలం ముంచుతాడు, ఆరిపోతుంది, మళ్లీ ముంచుతాడు.
దీపప్పురుగులు తెల్లకాగితం మీద రెక్కలు వదిలేసి పోతున్నాయి.
పనిలేని డిటెక్టివు ఏం చేస్తాడు,
గదిని చూస్తాడు.

చొక్కా మడతల్లో మెరుపు. అభ్రకం పొడి. అది రోజూ ఉండేదే.
చిలక్కొయ్యకు సంచి, సంచిలో హాజరు పట్టీ.
కంపెనీ పుస్తకం ఇంటికెందుకొచ్చింది?
పదిహేడో తేదీ, మూడో గని.
గట్టు జారిన రోజు.
లోపలెవరూ లేరని కంపెనీ చెప్పిన రోజు.
చెంగమ్మ పేరుకెదురుగా: గైర్హాజరు.
ఆ గడిలో కాగితం పల్చబడింది, బ్లేడుతో గీకారు.
దీపానికడ్డం పెడితే
అభ్రకం రేకులోంచి కారినట్టు
వెలుతురు ఇటువైపు కారింది.

మొన్న ఆమె మరిది ఈ గుమ్మంలోకే వచ్చాడు,
చేతిలో ముంత. గని గట్టున చెట్టుకొమ్మకు దొరికిందట.
అంచున సంగటి ఎండి అంటుకునుంది.
"పనికి రాని మనిషి సద్ది యాడికి తెచ్చింది సామీ?"
ఇరవై రెండు పుస్తకాల్లో
నేను ఒక్కసారైనా అంత సూటిగా అడగలేదు.

సిరా చూశాను. నన్ను రాసిన సిరాయే.
'రు' తోకను కింది గీత దాటించే అలవాటు,
నాకు తెలియందా, దాన్ని పట్టుకునే ఇన్నేళ్లు వేలాడాను.

కోటు విప్పి కుర్చీకి తగిలించాను.
తుపాకి బల్లమీద పెట్టాను,
అందులో గుళ్లున్నాయని వాడెప్పుడూ రాయలేదు.
"పెంచలయ్యా, ఎంతిచ్చారు?"
దీపం వత్తి తగ్గించాడు. పెంచాడు.
చాలాసేపటికి,
"ఏం ఇవ్వలేదబ్బా.
ఉద్యోగం ఉంచినారు."

నాలుగో రాత్రి కలం కదిలింది.
ఊటీ. జమీందారు బంగళా. వజ్రాల హారం.
కోటు మళ్లీ తొడిగాడు, అక్కడ చలి గదా, మొదటిసారి అతికింది.
తొంభై ఆరో పేజీలో మేనల్లుణ్ణి పట్టిచ్చాను.
అందరూ నిట్టూర్చారు.

నలభై ఒకటో పేజీలో మాత్రం
ఆ బంగళా హాలులో, జింకతలల మధ్య,
మేకుకు ఒక మట్టిముంత వేలాడుతుంది.
ఎవరూ దాన్ని తాకరు. కథకు దానితో పనిలేదు.
మద్రాసు ప్రూఫురీడరు పక్కన ఎర్రగా రాశాడు:
"ఊటీలో సంగటి ముంతా? తీసేద్దామా?"

వద్దని పెంచలయ్య కార్డు రాశాడు.
ఆ ఒక్క కార్డులో
డబ్బుల ఊసు లేదు.